మచిలీపట్నం దారిలో మన పేటలు



"మీవైపు చూడ్డానికి ఏముంది?" దిల్‌సుఖ్‌నగర్‌లో, కొత్తపేటలో, ఎల్బీనగర్‌లో కాపురముండే ప్రతి ఇంటికీ ఎండాకాలం సెలవుల్లో ఈ ప్రశ్న వస్తుంది. సూర్యాపేట నుంచో ఖమ్మం నుంచో మేనత్త కొడుకు పిల్లల్ని వెంటబెట్టుకుని దిగుతాడు. ఒకరోజు చార్మినార్, సాలార్‌జంగ్. మర్నాడు గోల్కొండ. ఆ తర్వాత రామోజీ ఫిల్మ్ సిటీ. చివరిరోజు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరలు కొనుక్కుని, సంచులు సర్దుకుని బస్సెక్కుతారు. వాళ్లు పడుకున్న ఇంటి చుట్టుపక్కల ఏముందో వాళ్లకు తెలియదు. నిజం చెప్పాలంటే ఇంటివాళ్లకూ తెలియదు.

నేను ఈ పూట చెప్పదలచుకున్నది ఒక్కటే. నగరానికి పడమట కోట ఉంది, నడుమ చార్మినార్ ఉంది. తూర్పున మనకున్నది దారి. ఇటువైపు చూడదగ్గవి చాలామటుకు ఆ దారి పక్కన మనుషులు ఆగిన చోట్లే. అలా చూడకపోతే ఇక్కడ ఒక గుడి, అక్కడో సమాధి, ఇంకెక్కడో జింకల పార్కు అన్నట్టు కనిపిస్తాయి.

ముందు హయత్‌నగర్‌కి వెళ్దాం. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి విజయవాడ రోడ్డు మీద కొద్ది కిలోమీటర్లు. ఇప్పుడది నగరంలో కలిసిపోయింది గానీ, మొదట అది విడిగా ఒక పేట. దాన్ని కట్టించింది హయాత్ బక్షీ బేగం. ఈవిడ మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, సుల్తాన్ మహమ్మద్ భార్య, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. ముగ్గురు సుల్తానుల ఏలుబడి దగ్గరుండి చూసిన మనిషి. 1626లో కొడుకు గద్దెనెక్కేనాటికి ఇంకా పిల్లవాడు కాబట్టి రాజ్యం పగ్గాలు చాలావరకు ఆమె చేతిలోనే ఉన్నాయి. 1656లో ఔరంగజేబు గోల్కొండ మీదికి వచ్చినప్పుడు సంధి మాటలకు అతని విడిదికి వెళ్లింది కూడా ఈ తల్లే.

అలాంటి మనిషి రాజధానికి ఒక మజిలీ దూరంలో మసీదు, సరాయి, బావి కట్టించిందంటే భక్తి ఒక్కటే కారణమని నేననుకోను. అది గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే బాట. 1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో కొఠీ పెట్టింది. డచ్చివాళ్లు అంతకుముందే దిగి ఉన్నారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల వజ్రాలు ఇటు రావాలన్నా, తీరం వైపు నుంచి అద్దకం బట్టలు రావాలన్నా ఈ బాటే. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ తన దారి లెక్కల్లో హయత్‌నగర్ మజిలీని రాసుకున్నాడు. వజ్రాల మూట నడుముకు కట్టుకున్నవాడికి రాత్రిపూట కావలసినవి నాలుగు: తలుపున్న గది, కాపలా, ఎడ్లకు నీళ్లు, తనకు తిండి. ఆ నాలుగూ ఒకేచోట దొరికేలా కడితే దాని చుట్టూ అంగడి దానంతటదే పుడుతుంది. పేటలు పుట్టే తీరు అదే.

ఇప్పుడు వెళ్లి చూస్తే మసీదు ముంగట కమాన్ల వరుస, రెండు పక్కలా కుతుబ్‌షాహీల మార్కు మీనార్లు కనబడతాయి. విశాలమైన ఆవరణ చుట్టూ బాటసారుల గదుల వరుస. ఒక్కో గదీ ఇద్దరు మనుషులు, రెండు మూటలు పట్టేటంత. దగ్గర్లో హాథీ బావి. ఏనుగులతో నీళ్లు తోడించేవాళ్లని ఊళ్లో చెప్తారు. ఆ బావి వెడల్పు చూస్తే కాదనబుద్ధి కాదు. నన్నడిగితే మొత్తం తూర్పు హైదరాబాదులో ఒక్కచోటికే తీసికెళ్లే వీలుంటే అతిథిని అక్కడికే తీసికెళ్తాను.

అక్కడి నుంచి నగరంవైపు వెనక్కి వద్దాం. హయత్‌నగర్ దాటాక కుడిఎడమల ఆటోనగర్ షెడ్లు. వాటిని ఆనుకునే మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాము వేటకు వచ్చే అడవి. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టారు, 1994లో జాతీయ పార్కు చేశారు. వేటాడిన చోటికి అహింస చెప్పినాయన పేరు పెట్టడం నాకు నచ్చిన విషయం. లోపల కృష్ణజింకలూ ఉన్నాయి, చుక్కల జింకలూ ఉన్నాయి. మొదటిది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, రెండోది తెలంగాణది. విజయవాడ రోడ్డు పక్కనే రెండూ ఒకే గడ్డి మేస్తున్నాయి. ఇంతకంటే నేనేమీ అనను, సభలో ఉభయులూ ఉన్నారు.

ఎల్బీనగర్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు, ఉప్పల్ వైపు పోయే ఇన్నర్ రింగు రోడ్డు కలిసే చోటు అది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఇక్కడిదాకా మెట్రో మొదలయ్యాక నగరానికి తూర్పు వాకిలి అయింది. బస్సు దిగిన నల్లగొండ మనిషి సంచి భుజాన వేసుకుని మెట్రో మెట్లెక్కడం చూడండి. సరాయి రూపం మారింది, పని మారలేదు.

కొత్తపేట అనగానే మనలో సగంమందికి పండ్ల మార్కెట్టు గుర్తొస్తుంది. 1986 నుంచి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు కొత్తపేటలోనే ఉండేది, తర్వాత బాటసింగారానికి తరలిపోయింది. అదీ విజయవాడ రోడ్డు మీదే, గమనించండి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ తెల్లవారుజామున నడిచినవాళ్లకు ఆ వాసన ఇంకా ముక్కులో ఉంటుంది. వరిగడ్డి పరిచిన లారీలు, బంగినపల్లి కుప్పలు, కుప్పకుప్పకీ ఆగుతూ పాట పాడే కమీషను ఏజెంటు, అతని వెనక చిట్టీలు రాసే గుమస్తా, గంపలెత్తే హమాలీలు. పండు మెత్తబడిందని ఒకడు ధర తగ్గిస్తుంటే, రైతు మాట్లాడకుండా కింది పొరలోంచి ఇంకో కాయ తీసి చూపేవాడు. నల్లగొండ బత్తాయి రైతుకు హైదరాబాదు అంటే ఆ ప్రాంగణమే. దాన్ని చూడదగ్గ చోటుగా ఏ పర్యాటక పుస్తకమూ రాయలేదు. పోయాక బెంగపడ్డాం గానీ, ఉన్నన్నాళ్లూ ట్రాఫిక్కని తిట్టుకున్నాం.

కొత్తపేట పక్కనే ఉన్న విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషను పేరు చాలామందికి అయోమయం. 1901లో విక్టోరియా రాణి పోయాక ఆమె పేరిట ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో సరూర్‌నగర్ మహల్లో నెలకొల్పిన అనాథాశ్రమం పేరు అది. సరూర్‌నగర్ చెరువు అంతకంటే చాలా పాతది, 1626 నాటిదంటారు. తవ్వింది పొలాల కోసం. ఇప్పుడు కింద పొలాలు లేవు, కాలనీలు ఉన్నాయి. 2020 అక్టోబరు వానలకు కోదండరాంనగర్ నీళ్లలో మునిగినప్పుడు చెరువు తన పాత హద్దులు తానే చూపించింది.

కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి, వాసవి కాలనీ అష్టలక్ష్మి గుడి, దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి మీకు నేను పరిచయం చెయ్యక్కర్లేదు. గురువారం సాయంత్రం రోడ్డు మీద నిలబడితే అవే పరిచయమవుతాయి.

దిల్‌సుఖ్‌నగర్ కూడా మజిలీయే. ఉద్యోగం పరీక్ష రాసేదాకా ఆగే మజిలీ. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, జిరాక్సు షాపులు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఇక్కడ బాంబులు పేలాయి, వాటిలో ఒకటి 107 బస్టాపు దగ్గర. ఇంటికి పోవడానికి బస్సు కోసం నిలబడ్డవాళ్లు పోయారు. ఆ బస్టాపు మీదుగా పోతూ ఒక్క నిమిషం ఆగడం మన బాధ్యత అని నా అభిప్రాయం.

ఇక ముసారాంబాగ్. మెట్రో బోర్డు మీద రోజూ చదువుతాం గానీ అది ఒక ఫ్రెంచి సేనాని పేరు. ముస్యే రేమండ్ 1755లో ఫ్రాన్సులో పుట్టి, పాండిచ్చేరి మీదుగా వచ్చి, నిజాం అలీఖాన్ కొలువులో వేల మంది సైన్యానికి అధిపతి అయ్యాడు. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించింది ఇతనే. హిందువులు మూసా రాం అన్నారు, ముసల్మానులు మూసా రహీం అన్నారు, సిపాయిలు నెత్తిన పెట్టుకున్నారు. 1798 మార్చి 25న పోయాడు. ఆ ఏడు తిరక్కుండానే ఇంగ్లీషువాళ్లు నిజాముతో ఒప్పందం రాయించుకుని, ఫ్రెంచి పటాలాల ఆయుధాలు దింపించారు.

అక్కడి గుట్ట మీద అతని సమాధి ఉంది: నల్లరాతి స్తంభం, దాదాపు 7 మీటర్ల ఎత్తు. దాని మీద అతని పేరు పొడి అక్షరాలు రెండే. ఏటా వర్ధంతికి దీపాలు పెట్టి ఉరుసులా జరిపేవారట. ముందున్న స్తంభాల మండపం 2001లో కూలితే మళ్లీ నిలబెట్టారు. పక్కనే దివాన్ ఆస్మాన్ జా కట్టించిన ఆస్మాన్‌ఘడ్; అందులో ఇప్పుడు బడి నడుస్తోంది.

అన్నిటికంటే పాతది మాత్రం చైతన్యపురిలో ఉంది. మూసీ ఒడ్డున ఫణిగిరి, కోసగుండ్ల నరసింహస్వామి గుడి. ఆ బండ మీద బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనం ఉందని 1980లలో బయటపడింది. విష్ణుకుండిన గోవిందవర్మ కాలం నాటిది, గోవిందరాజ విహారాన్ని ప్రస్తావిస్తుంది. దాదాపు 1500 ఏళ్ల కిందట, చార్మినారుకు వెయ్యేళ్ల ముందు, ఇక్కడ బౌద్ధ భిక్షువులు భిక్షాటన చేసుకుంటూ బతికారన్నమాట. నగరం వయసు 400 ఏళ్లని ఇంకా అంటున్నవాళ్లని ఆ బండ దగ్గరికి తీసికెళ్లాలి. అక్కడ దారి అడిగితే గుడికి చెప్తారు. శాసనానికి మాత్రం పూజారినే అడగాలి.

నా కోరిక చిన్నది. ఎల్బీనగర్ స్టేషను గోడ మీద తెలుగులో, ఉర్దూలో ఒక పటం వెయ్యమని మెట్రోవాళ్లకు మనమంతా కలిసి అర్జీ పెడదాం. హయత్‌నగర్ నుంచి మూసీదాకా, ఏ స్టేషన్లో దిగితే ఏది దగ్గరో చెప్పే పటం. రాయడానికి నేను సిద్ధం. ఉర్దూ తెలిసినవారు ఒకరు కావాలి.

ఆలోపు వెళ్లదలచినవాళ్లకు రెండు మాటలు. హయాత్ బక్షీ మసీదులో నమాజు జరుగుతుంది కాబట్టి వేళ చూసుకోండి, శుక్రవారం మధ్యాహ్నం వద్దు. రేమండ్ గుట్టకు ఎండ దిగాక వెళ్లండి, నల్లరాయి మధ్యాహ్నం చెయ్యి పెట్టనివ్వదు. ఫణిగిరికి పొద్దున్నే మేలు. ఎండ ఏటవాలుగా పడితేనే అక్షరాలు కనబడతాయి. ఇక మీ ప్రశ్నలు.