జయాపేక్ష

కష్టకాలమున జయాపేక్షను వీడరాదని మనమందరము వినియేయున్నాము. అది ఆచరణలో ఎట్లుండునో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమున మేము చూచితిమి. మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పి, మూడవమారు గట్టెక్కిరి. స్ప్రూ అను ప్రేవుల వ్యాధి కొద్ది దినముల వ్యవధిలో సోదరుల నిద్దరిని పొట్టను బెట్టుకొనెను. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే బయటపడిరి. బోస్టనులో రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగుచు పొట్టపోసికొనిరి. హార్వర్డులో ఎంత పరిశోధించినను స్థిరమైన పదవి లభింపలేదు; 1940లో లెడర్లీ ప్రయోగశాలకు తరలిరి. వారెన్నడును నిరాశ చెందలేదని మేము చెప్పజాలము. ప్రయోగశాలకు పోవుట మాత్రము మానలేదు. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను బలిగొన్న వ్యాధికి అది మందైనది.