అరయెకరమున కడ్డుపడినవారెవరు?

(పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



ఐర్లండు రైతులు జమీందారులతో సలిపిన పోరాటమును మనమందఱము మెచ్చుకొందుము. ఆ రైతుల పొలములలో కూలి చేసినవారి యిండ్ల మాట యెత్తువారు అరుదు. నేడు మేమా మాటయే చెప్పదలచితిమి.

1841 జనాభా లెక్కలలో ఆ దేశపు టిండ్లను నాలుగు తరగతులుగా విభజించిరి. ఒంటిగది మట్టిగుడిసెలు కడపటి తరగతి. కూలివాని కాపురము తఱచుగా నందులోనే. అదియు ననేకచోట్ల వానిది కాదు, రైతుది; పని పోయిననాడు కొంపయు పోవును.

1883లో పార్లమెంటు కూలీల గృహముల శాసనము చేసెను. పండ్రెండుగురు పన్నుదారులు అర్జీ పెట్టవలెను. అవసరము నిజమని గార్డియన్ల బోర్డుకు తోచినచో, అప్పు తెచ్చి యిల్లు కట్టించి, అరయెకరము దొడ్డి చేర్చి, కొద్దిపాటి అద్దెకు కూలివాని కీయవలెను. “తోచినచో” అను మాటలోనే యున్నది మర్మమంతయు. ఇరువది యేండ్లుగా న్యాయస్థానముల చుట్టు తిరుగుచున్న మాకు ఆ మాట బలము బాగుగ తెలియును.

ఎవరికి తోచవలెను? బోర్డులో సగము వఱకు ఎన్నిక లేకయే కూర్చుండు మేజిస్ట్రేట్లు, అనగా భూస్వాములు. తక్కినవారిని పన్నుదారులు ఎన్నుకొనిరి. ఆస్తి హెచ్చినకొలది వోట్లును హెచ్చెను. ఇల్లు కట్టినచో పన్ను తమపై పడును. సొంత దొడ్డి గల కూలివాడు కూలి రేటు బేరమాడును. ఇక తోచునా? పన్ను భారమనిరి, మంచి చేను ముక్కలగుననిరి. పథకము సాగినను ప్రకటనలు, విచారణలు, అప్పీళ్లు. ఆ ఖర్చులో వకీళ్ల పాలు స్వల్పము కాదని సిగ్గుతో నొప్పుకొందుము.

అడ్డుపడినవారందఱు పరపక్షమువారే యనిన మనకు హాయిగా నుండును. కాని జమీందారున కెదురు నిలిచిన రైతులును ఆ బోర్డులలో నుండిరి. కూలివాని అరయెకరము వచ్చుసరికి వారిలో పలువురి చేయి ముడుచుకొనెను. మన్‌స్టరు, లీన్‌స్టరులలో పెక్కు బోర్డులు కట్టించినవి. అల్‌స్టరు, కన్నాటులలో కట్టినవి మిక్కిలి తక్కువ.

1894లో కూలీలు తమ సంఘము నేర్పఱచుకొనిరి. 1898 శాసనముతో గ్రామీణ జిల్లా కౌన్సిళ్లు వచ్చినవి. ఇల్లుగల కూలివానికి వోటు దక్కెను. 1906లో 42,50,000 పౌనులు అప్పుగా నిచ్చుటకు ఖజానా తెఱచి, తీర్చవలసిన ప్రతి నూటిలో 36 పాళ్లు ప్రభుత్వమే భరించెను. 1921 నాటికి లేచిన యిండ్లు నలువది వేలకు పైబడినవి. అందు సుమారు సగము 1906 తరువాతివే.