గొడ్ల చావిడి ముందు సూర్యదీపం
(పాల సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం పని తెల్లవారకముందే మొదలవుతుందని మీకు ఒకరు చెప్పనక్కరలేదు. పాలు పొద్దుటే కేంద్రానికి చేరాలంటే నాలుగున్నరకే చావిడిలో అడుగు పెట్టాలి. ఆ వేళ మన ఆడవాళ్లు నడిచే దారి ఎలా ఉంటుంది? ఒక పక్క గడ్డివామి, ఒక పక్క పేడదిబ్బ, మధ్యన చీకటి. గడ్డివామిలో ఎలుకలు చేరతాయి. ఎలుకల కోసం పాములు వస్తాయి. తాచు, కట్లపాము, రక్తపింజర మన పల్నాటికి కొత్త కాదు. అందుకే ఈ రోజు సూర్యదీపాల గురించి నాలుగు మాటలు మనవి చేస్తున్నాం.

కరెంటు బల్బు ఉండగా ఇదెందుకని కొందరు అడుగుతారు. చావిడి నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. అక్కడికి అతుకుల వైరు లాగి బల్బు వేలాడదీస్తే గేదెకూ మనిషికీ ప్రాణాపాయమే. చిన్న సూర్యదీపానికి ఇంటి కరెంటుతో పని లేదు. అందులోని బ్యాటరీ కొద్ది వోల్టులదే కనుక షాకు భయం లేదు. కరెంటు పోయిన రాత్రి కూడా వెలుగుతుంది.

కొనేముందు లెక్క చూసుకోవాలి. 5 వాట్ల పలకకు రోజుకు 5 గంటల గట్టి ఎండ తగిలితే 25 వాట్-గంటల కరెంటు వస్తుంది. వేడికీ, దుమ్ముకూ, బ్యాటరీకీ మూడో వంతు పోయినా 16 మిగులుతాయి. దానితో ఒకటిన్నర వాట్ల ఎల్.ఇ.డి. దీపం పది గంటలు వెలుగుతుంది. అరచేతి వెడల్పు పలక పెట్టి, పెట్టె మీద 100 వాట్లని అచ్చువేస్తే నమ్మకండి.

మేము చేసిన పొరపాటు కూడా చెబుతాం. మొదటి దీపాన్ని చావిడి పక్కన వేపచెట్టు కింద బిగించాం. మూడో రాత్రికి ఆరిపోయింది. దీపం మంచిది కాదని తిట్టుకున్నాం. తీరా చూస్తే మధ్యాహ్నమంతా పలక మీద చెట్టు నీడే. దాన్ని నీడ లేని చోటికి మార్చాక తెల్లవార్లూ వెలిగింది.

పలక దక్షిణానికి తిరిగి ఉండాలి. మన ప్రాంతంలో పది అంగుళాల పొడవుకు మూడు అంగుళాల వాలు చాలు. పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీల దుమ్ము ఎక్కువ. వారానికొకసారి ఉదయం చల్లటి పూట తడిగుడ్డతో తుడవాలి. రెంటచింతల ఎండ మనకందరికీ తెలుసు. వేడి ఎక్కువైతే కరెంటు కూడా ఎక్కువ వస్తుందనుకోవడం పొరపాటు. పలక 25 డిగ్రీలకు మించి వేడెక్కే కొద్దీ ప్రతి డిగ్రీకి దాని శక్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. బ్యాటరీ ఆయుష్షు కూడా వేడికి తగ్గుతుంది. కాబట్టి రేకుల మీద అంటించకుండా, కింద గాలి ఆడేటట్లు బిగించాలి.

దీపం వెలుగు దారి మీద పడాలి. గేదె కళ్లలో కొడితే అది బెదురుతుంది, పాలు సరిగా చేపదు. పసుపు రంగు వెలుగుకు పురుగులు తక్కువగా చేరతాయి. పితికేటప్పుడు మొదటి ధారలను ఆ వెలుగులో చూడండి. పాలలో ముక్కలు కనిపిస్తే పొదుగువాపు అని అనుమానించి, వాటిని క్యానులో కలపకుండా పశువైద్యునికి చూపించాలి.

ఒక్క మాట మరువకండి. దీపం పామును తరమదు, మనకు చూపిస్తుంది అంతే. దారి శుభ్రంగా ఉంచాలి, కాళ్లకు చెప్పులుండాలి. కాటు పడితే కోయడం, కట్లు బిగించడం, మంత్రాలు వద్దు. కాటు పడిన కాలు కదలనివ్వకుండా 108 పిలిచి ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవాలి.

సంఘం తరఫున ముందు ఒక్క దీపం తెచ్చి, ముసురు రోజులు కూడా గడిచేదాకా చూద్దాం. నిలబడితే గ్యారంటీ కార్డుతో అందరం కలిసి కొందాం. ఈ రాత్రి మీ వాకిట ఒకసారి నడిచి, ఏ మూల చీకటిగా ఉందో గుర్తుపెట్టుకోండి. మొదటి దీపం అక్కడ పెడదాం.