చెత్త యార్డ్ ఎవరి ఊళ్లో పెట్టాలి? లెక్క ఏం చెబుతుంది?

ఇవాళ్టి ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. పొద్దున మీ ఇంటి ముందుకొచ్చిన చెత్త బండిలో ఒక కవర్ వేశారు కదా, అది చివరికి ఎక్కడికి చేరుతుందో తెలుసా?

మీరు హైదరాబాద్‌లో ఉంటే, ఇన్నేళ్లుగా దానికి జవాబు చాలావరకు ఒకటే: జవహర్‌నగర్. 300 ఎకరాలకు పైగా ఉన్న డంపింగ్ యార్డ్ అది. దాని చుట్టుపక్కల ఉండేవాళ్లు వాసన గురించి, చెత్తలోంచి కారే నల్లటి నీళ్ల గురించి ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. సరే, ఇంకోచోట కూడా ఒకటి పెడదాం అంటే ఏమైంది? 2025లో సంగారెడ్డి జిల్లా ప్యారానగర్ దగ్గర జనం రోడ్డెక్కారు. మా దగ్గర వద్దు అన్నారు.

ఇక్కడ ఎవరిది తప్పు? యార్డ్ అవసరం లేదని ఎవరూ అనలేరు. మా ఇంటి పక్కన పెట్టండి అని కూడా ఎవరూ అనరు. అప్పుడు చాలామందికి వచ్చే ఆలోచన ఏంటంటే, "ఈ రాజకీయాలన్నీ ఎందుకు? కంప్యూటర్‌కి డేటా ఇచ్చేస్తే సరైన చోటు అదే చెబుతుంది కదా!" అని.

చెబుతుంది. దీనికోసం గణితంలో ఒక పెద్ద శాఖే ఉంది. ఫెసిలిటీ లొకేషన్ అంటారు. కానీ అది ఎలా చెబుతుందో తెలిస్తే మీరు కాస్త జాగ్రత్త పడతారు. రండి, మనమే చేసి చూద్దాం. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ఒక తిన్నటి రోడ్డు ఊహించుకోండి. రోడ్డు మొదట్లో ఒక టౌన్, 9,000 మంది. 10 కిలోమీటర్ల దగ్గర ఒక ఊరు, 800 మంది. 20 కిలోమీటర్ల దగ్గర ఒక తండా, 200 మంది. రోడ్డు అక్కడితో ఆగిపోతుంది. ఈ రోడ్డు మీద ఎక్కడో ఒకచోట యార్డ్ పెట్టాలి.

మొదటి లెక్క: డీజిల్ ఖర్చు తగ్గాలి. ప్రతి చోటా జనాభాని దూరంతో గుణించి, అన్నీ కూడాలి. ఆ మొత్తం ఎక్కడ తక్కువ వస్తే అక్కడ యార్డ్. టౌన్‌లోనే పెడితే 0, 8,000, 4,000 కలిపి 12,000. టౌన్ నుంచి ఎటు జరిగినా ఈ అంకె పెరుగుతుందే గానీ తగ్గదు. అంటే జవాబు: టౌన్ నడిబొడ్డు! ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలి అని 1909లో ఆల్ఫ్రెడ్ వెబర్ అనే జర్మన్ ఆర్థికవేత్త ఇలాంటి లెక్కే వేశాడు. బడికో, ఆసుపత్రికో ఇది బాగానే ఉంటుంది. చెత్తకి అయితే టౌన్ వాళ్లు ఊరుకుంటారా?

రెండో లెక్క: సరే, తిరగేద్దాం. అదే మొత్తం ఎక్కడ ఎక్కువ వస్తుందో చూద్దాం. అంటే మొత్తం మీద జనం వీలైనంత దూరంగా ఉండాలి. తండా దగ్గర పెడితే 1,80,000 ప్లస్ 8,000, అంటే 1,88,000. అదే అన్నిటికంటే ఎక్కువ. 1978లో చర్చ్, గార్ఫింకెల్ అనే ఇద్దరు పరిశోధకులు రోడ్ల నెట్‌వర్క్ మీద ఈ ప్రశ్ననే పరిష్కరించారు. లెక్క ప్రకారం తప్పేం లేదు. కానీ యార్డ్ తండా గడప ముందుకొచ్చింది. 200 మందికి దూరం సున్నా అయినా, మొత్తంలో అది ఎవరికీ కనబడదు.

మూడో లెక్క: మొత్తం వదిలేయండి. యార్డ్‌కి అందరికంటే దగ్గరున్నవాళ్లని మాత్రమే చూడండి. వాళ్లకి వీలైనంత దూరం ఇవ్వాలి. ఇప్పుడు రెండు జవాబులొస్తాయి: 5 కిలోమీటర్ల దగ్గర, లేదా 15 కిలోమీటర్ల దగ్గర. రెండు చోట్లా దగ్గరి మనిషికి 5 కిలోమీటర్లు. టై!

టై ఎలా విప్పుతారు? డీజిల్ చూస్తే 5 గెలుస్తుంది. 5 కిలోమీటర్ల దూరంలో ఎంతమంది ఉన్నారు అని చూస్తే అక్కడ 9,800 మంది, 15 దగ్గర 1,000 మందే. అప్పుడు 15 గెలుస్తుంది. "చెత్తలో 90 శాతం టౌన్‌ది, భారం వాళ్లే మోయాలి" అంటే మళ్లీ 5 గెలుస్తుంది.

చూశారా ఫ్రెండ్స్? అదే రోడ్డు, అదే జనం. ప్రశ్న మారితే జవాబు మారిపోయింది. కంప్యూటర్ ఎక్కడా తప్పు చేయలేదు. దేన్ని తగ్గించాలో, దేన్ని పెంచాలో మనిషే చెప్పాడు. అసలు నిర్ణయం అక్కడే జరిగిపోయింది.

మరి రూల్స్ ఉండవా అంటారా? ఉన్నాయి. 2016 ఘన వ్యర్థాల నియమాల్లో చెత్త పూడ్చే చోటు నదికి 100 మీటర్లు, చెరువుకి 200 మీటర్లు, ఇళ్లకి, హైవేలకి, తాగునీటి బావులకి 200 మీటర్లు, ఎయిర్‌పోర్ట్‌కి 20 కిలోమీటర్ల దూరంలో ఉండాలని రాశారు. లెక్కలో వీటిని షరతులు అంటారు. ఎంత డబ్బు మిగిలినా షరతు దాటకూడదు. మంచిదే. కానీ మన రెండో లెక్కకి ఈ షరతు పెట్టి చూడండి. యార్డ్ తండా గడప నుంచి 200 మీటర్లు జరుగుతుంది. అంతే!

ఇంకో విషయం. చాలా లెక్కల్లో భూమి ధర కూడా కలుపుతారు. కలిపితే జవాబు చౌక భూముల వైపు, అంటే పేదవాళ్లుండే వైపు పరుగెడుతుంది. యార్డ్ వచ్చాక అక్కడ ధర ఇంకా పడిపోతుంది. తర్వాత ఇంకేదైనా పెట్టాలంటే లెక్క మళ్లీ అదే చోటు చూపిస్తుంది.

పోనీ, డబ్బులిచ్చి ఒప్పిస్తే? 1993లో స్విట్జర్లాండ్‌లో వోల్ఫెన్‌షీసెన్ అనే ఊళ్లో అణు వ్యర్థాల కేంద్రం పెట్టాలనుకున్నారు. బ్రూనో ఫ్రే, ఫెలిక్స్ ఒబర్‌హోల్జర్-గీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సర్వే చేస్తే 50.8 శాతం మంది ఒప్పుకుంటాం అన్నారు. అదే కేంద్రానికి ఏటా పరిహారం కూడా ఇస్తే అని అడిగితే, ఒప్పుకున్నవాళ్లు 24.6 శాతానికి పడిపోయారు! దేశం కోసం ఎవరో ఒకరు మోయాలి కదా అనుకున్నవాళ్లకి, డబ్బు మాట రాగానే అది బేరంలా అనిపించిందని వాళ్లు వివరించారు.

అయితే ఈ గణితం దండగా? కాదు. లెక్క లేకపోతే పలుకుబడి లేనివాళ్ల ఊరికే యార్డ్ వెళ్తుంది, ఎందుకని అడగడానికి కాగితం కూడా ఉండదు. లెక్క ఉంటే కనీసం ప్రతి అంకెనీ నిలదీయొచ్చు.

అందుకే రేపు మీ ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణకి మ్యాప్ పట్టుకొని అధికారులు వస్తే, మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, "సార్, ఈ లెక్కలో మీరు దేన్ని తగ్గించారు? ఖర్చునా, మా కష్టాన్నా?" రెండు, "లెక్క మొదలుపెట్టకముందే లిస్టులోంచి తీసేసిన చోట్లు ఏవి, ఎందుకు తీసేశారు?" మూడు, "ఒకటే పెద్ద యార్డ్ అని ముందే ఎవరు ఖాయం చేశారు?" ఈ మూడోది చాలా ముఖ్యం. మన ఇళ్ల చెత్తలో పెద్ద భాగం తడి చెత్తే. దాన్ని ఎక్కడికక్కడ ఎరువు చేస్తే, దూరం పంపాల్సింది బాగా తగ్గుతుంది. యార్డ్‌ల సంఖ్యని కూడా లెక్కనే తేల్చనిస్తే, మన రోడ్డు మీద టౌన్‌కి ఒకటి, ఊరికి ఒకటి, తండాకి చిన్న ఎరువు గుంత అనే జవాబు కూడా రావచ్చు.

అప్పటిదాకా మనం చేయగలిగింది ఒకటుంది. రేపు పొద్దున తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా వేయండి. ఆ బండి వెళ్లే చోట కూడా ఎవరిదో ఇల్లుంది.