పగిలిన సీసా, ఊరి మట్టి
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నాకంటే ముందు మాట్లాడినవాళ్లు మన ఆట గురించి, పాట గురించి చెప్పారు. నేను మట్టి గురించి చెబుతాను. అదీ మన సంస్కృతే.

ఒకరోజు మా హాస్టల్‌లో ఆరో తరగతి పాప సంత దగ్గర సీసా ముక్క తొక్కి కాలు కోసుకుని వచ్చింది. కట్టు కట్టించుకుంటూ, "మేడం, ఈ గాజు ఇంక దేనికీ పనికిరాదా?" అని అడిగింది. టీచర్ ట్రైనింగ్ చేసినదాన్నే, అయినా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇటుకల్లో, నేల మీద పరిచే బిళ్లల్లో పనికొస్తుంది.

మీ అమ్మ గోడ మెత్తేటప్పుడు బంకమట్టిలో ఇసుక ఎందుకు కలుపుతుంది? ఒట్టి బంకమట్టి ఆరితే కుంచించుకుపోయి బీటలిస్తుంది. ఇసుక కలిస్తే బీటలు తగ్గుతాయి. కాల్చే ఇటుకకూ ఇదే సూత్రం. సుమారు 900 నుంచి 1000 డిగ్రీల వేడిలో ఆ మట్టి రాయిలా గట్టిపడుతుంది.

మరి గాజు? సీసా గాజు కూడా ఇసుకే. సోడా, సున్నపురాయి కలిపి కరిగించిన ఇసుక. ఒట్టి ఇసుక కరగాలంటే 1700 డిగ్రీల వేడి కావాలి. సీసా గాజు 700 దాటితే మెత్తబడుతుంది. దాన్ని మెత్తని పొడి చేసి మట్టిలో కలిపితే, బట్టీలో కరిగి రేణువుల మధ్య సందులు నింపుతుంది. చల్లారాక జిగురులా పట్టేస్తుంది. కొంచెం తక్కువ వేడికే పని జరుగుతుంది కాబట్టి కట్టెలూ మిగులుతాయి.

మేం మొదటిసారి చేసిన బిళ్లలు చెడిపోయాయి. గాజు ఎక్కువైంది. అన్నీ వంగి ఒకదానికొకటి అతుక్కున్నాయి. రెండోసారి పది పాళ్లలో ఒక పాలు మాత్రమే గాజు వేసి, కుమ్మరి బట్టీలో పెట్టించాం. అవి నిలిచాయి.

మంచిదో కాదో మీరే పరీక్షించవచ్చు. ఆరిన ఇటుకను తూచి, ఒక రోజంతా నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. 3 కిలోల మామూలు ఇటుక 3 కిలోల 600 గ్రాములు దాటితే అది నాసిరకం.

ఒక హెచ్చరిక. గాజు పొడి, ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడుచేస్తాయి. తడిపి దంచాలి, మాస్కు కట్టుకోవాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. ట్యూబ్‌లైట్లు, పాత టీవీ గాజు అసలు వాడకూడదు. వాటిలో పాదరసం, సీసం ఉంటాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన పిల్లలు కొందరు అడ్వాన్సు తీసుకుని దూరపు ఇటుక బట్టీలకు పోతున్నారు. పరాయి మట్టి తొక్కడం వచ్చినవాళ్లకు సొంత మట్టితో ఇటుక చేయడం రాదా? మట్టి, ఇసుక చట్టం ప్రకారం చిన్నతరహా ఖనిజాలు. షెడ్యూల్డ్ ప్రాంతంలో వాటిని లీజుకివ్వాలంటే గ్రామసభ లేదా పంచాయతీ ముందుగా సిఫారసు చేయాలని 1996 పెసా చట్టం చెబుతోంది. గ్రామసభ జరిగే రోజు మీరు ఊళ్లో ఉండండి. పెద్దల పక్కన కూర్చోండి. అడగండి.

మా హాస్టల్‌లో చేతులు కడుక్కునే చోట ఇప్పుడు ఆ బిళ్లలే ఉన్నాయి. ఆ పాప రోజూ వాటి మీదే నిలబడుతుంది, చెప్పుల్లేకుండా.

జై ఆదివాసీ.