చిల్లా స్నానం తరువాత మరొక పరీక్ష
(కౌతాళంలో సంఘ సభ్యుల, కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇండ్లలో తొలి కాన్పు పుట్టింట్లోనే. నలభై దినాలకు చిల్లా స్నానం చేయించి తల్లీబిడ్డలను అత్తవారింటికి సాగనంపుతాము. కడుపుతో ఉన్నప్పుడు ఆమెకు షుగరు ఉండెనని వ్రాసిన ఆసుపత్రి చీటీ మాత్రం పుట్టింటి బీరువాలోనే ఉండిపోతుంది. ఆ చీటీని గూర్చియే ఈ దినం నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

గర్భిణి గుండె ఇద్దరి కోసం పని చేస్తుంది. ఆమె ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. గుండె నిమిషానికి పంపే రక్తం నూటికి 30 నుండి 50 వంతులు హెచ్చుతుంది. నాడి కూడా వేగమవుతుంది. ఇంత బరువును తట్టుకొనుటకు రక్తనాళాలు సడలి వెడల్పవుతాయి. అందుచేత నడిమి నెలల్లో రక్తపోటు కొంచెం తగ్గుతుంది కూడా.

గర్భంతో వచ్చే షుగరు ఈ ఏర్పాటును చెరుపుతుంది. నాళాల లోపలి పొర దెబ్బ తిని, అవి సాగవలసినంత సాగక బిరుసెక్కుతాయి. కొందరిలో గుండె గోడ మందమై, కొట్టుకొన్న తరువాత సరిగా సడలదు. ఇదంతా పైకి తెలియదు. రక్తపోటు పెరిగే ప్రమాదం మాత్రం హెచ్చు. విపరీతమైన తలనొప్పి, కండ్లు మసకలు, ముఖం వాపు, పడుకొంటే ఆయాసం కనబడితే తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆదోనికైనా, కర్నూలుకైనా పెద్ద ఆసుపత్రికి తీసుకొని పోండి.

పరీక్ష కష్టమేమీ కాదు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి త్రాగిస్తారు. రెండు గంటలకు రక్తం చూస్తారు. 140 గాని అంతకు మించి గాని ఉంటే షుగరు ఉన్నట్టే. పరగడుపున పోనక్కరలేదు. చెన్నై డాక్టరు వి. శేషయ్యగారు ప్రచారం చేసిన ఈ పద్ధతినే భారత ప్రభుత్వం తీసుకొన్నది. మొదటిసారి ఆసుపత్రికి పోయినప్పుడు ఒకసారి, 24–28 వారాల మధ్య మరొకసారి చేయించాలి. ఇక రంజాను ఉపవాసాల మాట. గర్భిణికి వాటిని తరువాత తీర్చుకొనే సడలింపు మన ధర్మంలోనే ఉన్నది. ఇన్సులిను వాడే ఆమె డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండరాదు.

ప్రసవంతో షుగరు చాలామందికి దిగిపోతుంది. "ఇంక పోయింది లెమ్మా" అంటాము. పోలేదు, దాక్కొన్నది. ఇట్టి తల్లులకు ముందు ముందు షుగరు జబ్బు వచ్చే అవకాశం తక్కినవారికన్న ఏడు రెట్లని 2009లోను, గుండె, రక్తనాళాల జబ్బు సుమారు రెండు రెట్లని 2019లోను, అనేక పరిశోధనలను కలిపి చూచినవారు తేల్చినారు. తరువాత షుగరు రానివారికి కూడా గుండె జబ్బు భయం కొంత హెచ్చే.

కాబట్టి ప్రసవమైన ఆరు వారాలకు అదే గ్లూకోజు పరీక్ష మళ్ళీ చేయించాలి. ఆరు వారాలంటే 42 దినాలు, అనగా చిల్లా ముగిసిన రెండు దినాలకే! అత్తవారింటికి పంపే ముందే ఆ పని కానిద్దాము. ఆ పైన ఏటా షుగరు, రక్తపోటు చూపించాలి. బాలింతకు హల్వాలు, లడ్లు తగ్గించి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర పెడదాము. బిడ్డకు చనుబాలు ఇప్పిద్దాము. అది తల్లికీ మేలే.

అమ్మలారా, బిడ్డను సాగనంపేటప్పుడు సర్దే సామానులో మొదట ఆ చీటీ పెట్టండి. అత్తలారా, కోడలు గడప దాటి రాగానే మొదట ఆ చీటీ అడగండి.