దొంగప్రతి అక్కరలేని కంప్యూటరు సాధన

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంగీత సాధనకు శ్రుతిపెట్టె ఎట్టిదో ప్రోగ్రామింగు సాధనకు కంపైలరు అట్టిది. విద్యార్థి వ్రాసినదానిని యంత్రానికి తెలియు భాషలోకి మార్చేది అదే. దానికై వేలకొలది రూపాయలు వెచ్చించవలెనని కొందరు తల్లిదండ్రులు వెనుకాడుచున్నారు. మరికొందరు తెలిసినవారి వద్ద దొంగప్రతి తెచ్చి బిడ్డ చేతికిచ్చుచున్నారు. ఈ రెండూ అనవసరమే. కాపీరైటు చట్టానికి 1994లో వచ్చిన సవరణ, కంప్యూటరు ప్రోగ్రాము దొంగప్రతిని తెలిసి వాడుటను కూడా శిక్షార్హం చేసినది. ఆ ప్రతులతో వైరస్ ఇంటికి వచ్చుట వేరొక బాధ.

ఆంగ్లంలో ‘ఫ్రీ’ అన్న మాటకు వెల లేనిదనీ, స్వేచ్ఛ గలదనీ రెండర్థాలు. తెలుగున ఆ చిక్కు లేదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక స్వేచ్ఛనే ఉద్దేశించినది. వాడుటకు, పరిశీలించుటకు, మార్చుటకు, పదిమందికి పంచుటకు అందులో అనుమతి ఉన్నది. ఆ ప్రణాళిక నుండి 1987లో వెలువడిన జీసీసీ అను కంపైలరు నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. దానితో తయారుచేసిన ప్రోగ్రాము విద్యార్థి సొంతమే. అమ్ముకొనుటకైనా అభ్యంతరం లేదు.

ఇచ్చట ఒక దురభ్యాసమును గూర్చి చెప్పక తప్పదు. మన దేశంలో ఎన్నో తరగతి గదులలో టర్బో సీ యొక్క నీలితెర ఇంకను కనిపించును. అది డాస్ కాలపు పరికరం. నేటి 64 బిట్ల విండోస్‌పై మరొక ప్రోగ్రాము ఆసరా లేనిదే నడవదు. దానిపై నేర్చిన బాలుడు ‘కోనియో’, ‘క్లియర్ స్క్రీన్’ ఆదేశములను సీ భాషలో భాగమనుకొని కంఠస్థం చేయును. కళాశాలలో లినక్స్ ముందు కూర్చున్ననాడు అవి చెల్లవు. తెలుగు మాధ్యమంలో చదివినందువలననే తనకు రాలేదని ఆ బిడ్డ కుంగిపోవును. లోపము పరికరానిది, నింద మాతృభాషకు!

పైథాన్ మొదలుపెట్టుట ఇంకను సులభం. 1991లో గీడో వాన్ రోసమ్ వెలువరించిన ఈ భాషను దాని సంస్థ వారి సొంత వెబ్‌సైటు నుండే వెల లేకుండా దించుకొనవచ్చును. విండోస్ ప్రతితో ఐడిల్ అను వ్రాతపలక కూడా వచ్చును. పైథాన్ మూడవ రూపంలో చలరాశులకు తెలుగు పేర్లే పెట్టవచ్చును: ‘మార్కులు’, ‘మొత్తం’, ‘సగటు’ అని వ్రాసినా యంత్రం అంగీకరించును. ఆరవ తరగతి బాలికకు తర్కం ముందు పట్టుబడును, ఆంగ్ల పదాలు తరువాత వచ్చును.

తమిళనాడులో 2011 నుండి ప్రభుత్వం పంచిన ల్యాప్‌టాపులలో అనేకం విండోస్‌తోపాటు సీ-డాక్ వారి బాస్ లినక్స్‌ను కూడా మోసుకొని వచ్చినవే. ఎన్ని ఇండ్లలో ఆ రెండవ తలుపు తెరవనేలేదో! చేతిఫోను తప్ప వేరేమీ లేని ఇంట టెర్మక్స్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో పైథాన్ నడుచును. చిన్న తెరపై ఓపిక మాత్రం కావలెను.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. కార్యాలయాలలో పక్కన పెట్టిన కంప్యూటర్లను, యజమానుల అనుమతితో, లోపలి సమాచారం పూర్తిగా తుడిచి పాఠశాలకు పంపగలరు. రెండు జీబీల మెమరీ ఉన్నచో తేలికపాటి లినక్స్‌తో ఒక బిడ్డ సాధనకు చాలును.